చూడు అన్నాను

పదకొండు లక్షల డాలర్లు వద్దన్న మనిషిగా ఆ వేసవిలో మావాళ్ళందరిలోనూ నాకు పేరొచ్చింది. నిజానికి వద్దన్నది మా ఆవిడ గిరిజ. పేరు మాత్రం నాకొచ్చింది.

జూన్ మొదటివారం. ఫీనిక్స్‌లో మా లాయర్ కార్లా మెండోజా ఆఫీసులో కూర్చున్నాం. కార్లా మా ముందు రెండు కాగితాలు పెట్టింది. ఒకటి సిటీ వాళ్ళు పంపిన ఆఫర్. రెండోది, ఆ డబ్బు తీసుకోవాలంటే మేం సంతకం పెట్టాల్సిన ఒప్పందం. ఊరి పేరు రాయను. చాండ్లర్‌కి అరగంట దూరం. మేమింకా అక్కడే ఉంటున్నాం కాబట్టి సిటీ అంటే చాలు.

"మంచి ఆఫరే," అంది కార్లా. "ట్రయల్‌కి వెళితే గెలవచ్చు. ఓడిపోనూ వచ్చు. పోలీసు మీద కేసంటే జ్యూరీలు వెనకాడటం నేను చాలాసార్లు చూశాను. ఓడితే మీకు ఒక్క డాలరు రాదు."

గిరిజ ఆఫర్ కాగితం వైపు చూడలేదు. ఒప్పందం తీసుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇల్లు కొన్నప్పుడూ అంతే, ఏజెంటు ఆవలిస్తున్నా ప్రతి పేజీ చదివింది. నాలుగో పేరా దగ్గర ఆగింది.

"ఇది పైకి చదవండి," అని నాకిచ్చింది.

చదివాను. ఆఫీసర్ కెల్నర్ తాను విన్న మాటలనుబట్టి తన ప్రాణానికి ముప్పు ఉందని నమ్మడం సబబేనని ఇరుపక్షాలూ అంగీకరిస్తున్నాయి.

నన్ను కాల్చిన పోలీసు ఈ కెల్నరే. అతను విన్న మాటల సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు, ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఇంటి పక్క సందులో కూర్చుని డ్రిప్ పైపు బాగుచేస్తున్నాను. చేతిలో పైపు కోసే కత్తెర ఉంది. పెరట్లో నిమ్మచెట్టు దగ్గర మా అమ్మాయి అవని నిలబడింది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. నేను వాల్వు తిప్పి, చెట్టు దగ్గర నీళ్ళు వచ్చాయో లేదో చూడమని గట్టిగా అరిచాను. "వచ్చాయా, చూడు! చూడు!"

మా వీధి పేరుకి ముందు ఈస్ట్ ఉంటుంది. మైలు అవతల అదే వీధి, అదే నంబరు, ముందు వెస్ట్. ఆ వెస్ట్ ఇంట్లో ఎవడో గడ్డపలుగుతో తలుపు పగలగొడుతున్నాడని 911కి ఫోన్ వెళ్ళింది. పోలీసులు మా ఇంటికొచ్చారు. నేను అరుస్తుండగానే సందు గేటు కిర్రుమంది. ఆ చప్పుడులో 'వచ్చాయా' కొట్టుకుపోయింది. 'చూడు' మిగిలింది. ఎవరో "డ్రాప్ ఇట్" అన్నారు. ఎవరా అని లేచి వెనక్కి తిరిగాను. ఒక తూటా తుంటి ఎముకలో దిగింది, ఇంకోటి పొట్టలో.

అనుమానితుడు 'షూట్ యూ, షూట్ యూ' అని అరిచాడని రిపోర్టులో రాశారు.

"ఈ నాలుగో పేరా తీసేస్తారేమో అడుగుతారా?" అంది గిరిజ.

"అడిగాను. తియ్యరు. వాళ్ళు డబ్బిస్తున్నదే ఆ పేరా కోసం."

గిరిజ కాగితాలు మడిచి టేబుల్ మీద పెట్టింది. "అయితే మాకొద్దు." అప్పుడు నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నువ్వన్నాక ఇంకేమంటాను?"

"అది కాదు. మీరనని మాట అన్నట్టు సంతకం పెడతారా?"

"పెట్టను," అన్నాను. అన్నాక ఒంట్లో భారం దిగినట్టయింది. అంతవరకూ నాకే తెలియదు, పెట్టనని.

*

ఆ శనివారం రఘు బిర్యానీ పట్టుకుని ఇంటికొచ్చాడు. రఘుది కరీంనగర్. నేను పనిచేసే కంపెనీలోనే చేస్తాడు. నాకు మూడు సర్జరీలు అయినన్నాళ్ళూ కారులో హాస్పిటల్‌కి తిప్పిందీ, మా మేనేజర్‌తో మాట్లాడి నా ఉద్యోగం పోకుండా చూసిందీ అతనే. అందుకని నన్ను తిట్టే హక్కు అతనికుంది.

"నీకేమన్న పిచ్చి లేసిందా అన్నా? పదకొండు లక్షలంటే మాటలా? మనం హెచ్ వన్ వీసా మీదున్నం. నీ గ్రీన్ కార్డ్ డేట్ ఇంకా రానే లేదు. ఓడిపోతే ఏం జేస్తవ్? వదినా, నువ్వన్న చెప్పు!"

"వద్దని చెప్పింది నేనే రఘూ," అంది గిరిజ, ప్లేట్లు సర్దుతూ.

రఘు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోలీసోళ్ళ మీద గెలుస్తరా మనసొంటోళ్ళు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"గెలుస్తామో లేదో తెలీదు. ఆ మాట ఈయన అనలేదని మాత్రం తెలుసు."

అప్పుడే అవని వచ్చి గుమ్మంలో నిలబడింది. పదేళ్ళు నిండాయి, పొడుగ్గా సాగింది. "డాడ్, గరాజ్ డోర్ ఈజ్ ఓపెన్. ఎవ్రీవన్ కెన్ హియర్. కెన్ యూ గైస్ ప్లీజ్ స్పీక్ ఇంగ్లిష్?"

వెళ్ళి తలుపు వేసొచ్చింది.

నాకు తూటాలు తగిలిన ఆ ఆదివారం తర్వాత అవని తెలుగు మాట్లాడటం మానేసింది. ఇంట్లో మేం మాట్లాడితే ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. బయట మేం మాట్లాడితే నా చొక్కా పట్టుకు లాగుతుంది. హాస్పిటల్లో నాకు స్పృహ వచ్చిన రెండోరోజు మంచం పక్కన నిలబడి ఒక ప్రశ్న అడిగింది. నాకు తెలుగు రాకపోయుంటే నువ్వు ఇంగ్లిష్‌లో చెప్పేవాడివి కదా, అప్పుడు ఆ పోలీసుకి అర్థమయ్యేది కదా అని. అందులో నీ తప్పేం లేదని ఎన్నోసార్లు చెప్పాం. తల ఊపేది. నమ్మలేదని తెలుస్తూనే ఉండేది.

ఆ రోజు వెళ్ళేటప్పుడు రఘు కారు దగ్గర నా భుజం పట్టుకున్నాడు. "ట్రయల్ ఎన్ని రోజులన్నా?"

"ఏడు అంటున్నారు."

"పార్కింగ్ దొరకదు డౌన్‌టౌన్‌ల. నేనే డ్రాప్ చేస్తా పో."

*

ట్రయల్ జులై మధ్యలో మొదలైంది. ఎనిమిది మంది జ్యూరర్లు. ఎనిమిదిమందీ ఒక్కమాట మీదికి వస్తేనే తీర్పు. వాళ్ళలో తెలుగు మొహం కాదుగదా, ఇండియన్ మొహమే లేదు. ఐదో నంబరు కుర్చీలో డెబ్భై దాటిన ఒక తెల్లావిడ స్వెట్టరు వేసుకుని కూర్చునేది. బయట నూట పన్నెండు డిగ్రీలు, లోపల ఆవిడకి చలి.

మూడోరోజు గీతాంజలి గారి సాక్ష్యం. కోర్టులో చెల్లే తెలుగు అనువాదకులు అరిజోనాలో దొరక్క, కార్లా ఆవిణ్ణి వేరే రాష్ట్రంలో ఉన్న మోరిస్‌విల్ నుంచి విమానంలో రప్పించింది. పోలీసు ఒంటిమీది కెమెరా టేపు వేశారు. గేటు కిర్రుమనడం, దాని వెనక నా గొంతు. గీతాంజలి గారు కళ్ళు మూసుకుని విని, "అక్కడ ఉన్న మాట 'చూడు'. లుక్ అని అర్థం," అన్నారు స్పష్టంగా.

సిటీ లాయరు లేచాడు. పొడుగాటి మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు.

"మేడమ్, ఆ మాటని మీ భాషలో బెదిరింపుగా ఎప్పుడూ వాడరా?"

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "వాడతారు. 'నేనేం చేస్తానో చూడు' అంటారు."

"అంటే అది బెదిరింపు."

"ఆ వాక్యం బెదిరింపే."

జ్యూరీలో ఇద్దరు పుస్తకాల్లో ఏదో రాసుకున్నారు.

లంచ్‌కి బయటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "ఎవరు పిలిపించారు ఆవిణ్ణి? మన సాక్షేనా ఆవిడ?"

గిరిజ పెరుగన్నం డబ్బా మూత తీసి నా చేతిలో పెట్టింది. "ఆవిడ మనకోసం అబద్ధమాడితే, ఆ లాయరు చెప్పేదానికీ మనం చెప్పేదానికీ తేడా ఏముంది? తినండి."

మర్నాడు కెల్నర్ బోనెక్కాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. జుట్టు అప్పుడే పల్చబడుతోంది. కార్లా ఎన్ని రకాలుగా అడిగినా ఒకటే జవాబు. నాకు అదే వినిపించింది మేడమ్. అంటున్నప్పుడు అతని మొహమే చూశాను. రెండేళ్ళుగా అతన్ని అబద్ధాలకోరు అనుకుంటూ వచ్చాను. అతను అబద్ధమాడటం లేదు. అతనికి నిజంగా అదే వినిపించింది.

"మీరు 'డ్రాప్ ఇట్' అన్నదానికీ, మొదటి తూటాకీ మధ్య ఎంతసేపుందో తెలుసా?" అంది కార్లా.

"సరిగ్గా తెలీదు."

"సెకనులో పదింట ఎనిమిది వంతులు. ఒక్క సెకను కూడా లేదు. కింద పడేయమని చెప్పారు. పడేయడానికి ఆయనకి టైమిచ్చారా?"

కెల్నర్ నీళ్ళగ్లాసు అందుకున్నాడు కానీ తాగలేదు. "లేదు," అన్నాడు.

ఆ ఒక్క మాటకి అతని మీద నాకు కొంత గౌరవం కలిగింది. కోపం అలాగే ఉంది. రెండూ కలిసి ఉండగలవని అప్పుడే తెలిసింది.

*

ఐదోరోజు నా వంతు. అవని కూడా వస్తానంది. అప్పటిదాకా దాన్ని రఘు వాళ్ళింట్లో ఉంచుతున్నాం. సాక్ష్యానికి పిలవొద్దని కార్లాకి మొదట్లోనే చెప్పేశాం కాబట్టి, లోపల కూర్చోవడానికి అడ్డేమీ లేదు. చివరి బెంచీలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని, తల వంచుకుని లైబ్రరీ పుస్తకం ఏదో చదువుకుంటోంది.

కార్లా అడిగినవన్నీ చెప్పాను. ఎడమకాలు ఎంత పొట్టిదయిందో, ఎంతసేపు కూర్చోగలనో, రోజుకి ఎన్ని మాత్రలో. తర్వాత సిటీ లాయరు లేచాడు. టేపు నేను చాలాసార్లు విన్నానని ఒప్పించాడు. గేటు చప్పుడు ఉందని ఒప్పించాడు. నా గొంతు పెద్దదని కూడా ఒప్పించాడు.

"సార్, ఆ సాయంత్రం మీరు ఎలా అన్నారో, అంతే గట్టిగా, అదే గొంతుతో, ఆ మాట ఇప్పుడు మాకోసం అనగలరా?"

అతనికేం కావాలో నాకర్థమైంది. ఆ గదిలో నా నోటినుంచే ఆ మాట 'షూట్ యూ'లా వినిపించాలి. కార్లా సగం లేచింది. నేను పర్లేదన్నట్టు తల ఊపాను. చేతికర్ర పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నేను ఎవర్నీ ఎదురుగా చూసి అరవలేదు, దూరంగా పెరట్లోకి వినబడాలని అరిచాను. ఇప్పుడూ అలాగే, గది చివరికి వినబడేలా అరిచాను.

"చూడు! చూడు!"

చివరి బెంచీలో అవని తలెత్తింది.

"ఏంటి నాన్నా?"

అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. గిరిజ దాన్ని దగ్గరికి లాక్కుంది.

జడ్జి కళ్ళజోడు మీదనుంచి చూశాడు. వెనక కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదన్నాడు. అక్కడ్నుంచి వచ్చిన మాటని జ్యూరీ లెక్కలోకి తీసుకోకూడదని చెప్పాడు. సిటీ లాయరు కాగితాలు ఒకసారి అటూ ఇటూ తిప్పి, ఇంక ప్రశ్నలు లేవన్నాడు.

నేను కూర్చున్నాను. మంచినీళ్ళు తాగాను. ఐదో నంబరు ఆవిడ స్వెట్టరు బొత్తాలు విప్పుకుంటోంది.

ఇంటికెళ్ళేటప్పుడు కారులో అవని చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "నేను కేసు స్పాయిల్ చేశానా?" అనడిగింది. సగం తెలుగులో అడిగానని దానికి తెలిసినట్టు లేదు.

"లేదు," అన్నాడు రఘు, నేను నోరు తెరిచేలోపే. "నువ్వేం చేసినవో నీకు తెల్వదు బిడ్డా."

*

జ్యూరీ ఒకటిన్నర రోజు కూర్చుంది. గురువారం లంచ్‌కి ముందు పిలుపొచ్చింది.

క్లర్కు చదువుతుంటే మొదట అర్థంకాలేదు. అవసరానికి మించిన బలప్రయోగం జరిగిందా? జరిగింది. తర్వాత అంకె చదివింది. కోటీ ఇరవై లక్షల డాలర్లు. కార్లా నా మోచేయి గట్టిగా పట్టుకుంది. నాకు అంకె కంటే ముందున్న 'జరిగింది' అన్న మాటే చెవిలో ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే గిరిజ ఏడవలేదు, నవ్వలేదు. తల ఒకసారి ఊపింది, ఆ మాట మీరనలేదుగా అన్నట్టు.

కెల్నర్ టేబుల్ వైపే చూస్తున్నాడు. అతని భార్య కాబోలు, వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసింది.

బయట వరండాలో ఐదో నంబరు ఆవిడ మాకోసం ఆగింది. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపిందట.

"అమ్మాయి అన్నది మేం లెక్కలోకి తీసుకోలేదు. జడ్జి వద్దన్నాడుగా," అంది. "మీరు అరిచింది మాత్రం విన్నాం. ముప్పై ఏళ్ళు పిల్లల్ని అలాగే పిలిచాను. ఒకర్ని చంపుతాననేవాడు అలా పిలవడు."

"అంత పెద్ద మొత్తం రాస్తారని అనుకోలేదు," అన్నాను.

"మాలో ఒకాయన పది లక్షలు చాలన్నాడు. మీ నొప్పికి ఖరీదు కట్టడం మా ఎవ్వరికీ చేతకాలేదు నాయనా. మిగిలిన ముప్పై, నలభై ఏళ్ళూ రోజుకింత అని వేసుకుంటూ పోయాం. కలిపి చూస్తే అంతయింది. చివరికి ఆయనతో సహా ఎవరం తగ్గించడానికి ఒప్పుకోలేదు." నా చెయ్యి నొక్కి, లిఫ్టు వైపు వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఫోన్లే. కాపెల్ నుంచి ఎప్పుడూ మాట్లాడని బంధువులు చేశారు. స్థలాలు ఎక్కడ కొనాలో చెప్పారు. ఆ డబ్బు చేతికి రావడానికి ఏడాదిన్నర పడుతుందనీ, అప్పీలు, బేరాల తర్వాత చాలా తగ్గుతుందనీ ఎవరికీ వినాలని లేదు. చివరికి అలాగే జరిగింది. తగ్గాకే తీసుకున్నాం. ఆ కాగితాల్లో నాలుగో పేరా లాంటిది ఎక్కడా లేదు. గిరిజ రెండుసార్లు చదివింది.

*

ఆగస్టులో సిటీ వాళ్ళు ఒక ప్రకటన ఇచ్చారు. ఈ తీర్పు భారం పన్ను కట్టే ప్రజల మీద పడుతుందనీ, స్విమ్మింగ్ పూల్, లైబ్రరీ వేళలు తగ్గించాల్సి రావచ్చనీ. గ్రోసరీ స్టోర్లో మా వీధిలోనే ఉండే ఒకతను నన్ను చూసి బండి పక్కకి తిప్పుకుపోయాడు.

"కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చట," అంది గిరిజ. "మూడు నిమిషాలు ఇస్తారు. పేరు రాయించాను."

"ఎవరి పేరు?"

"నాదే. మీది ఎందుకు? మీరు చెప్పాల్సింది చెప్పారుగా."

సోమవారం సాయంత్రం ఆరింటికి కౌన్సిల్ హాలు నిండిపోయింది. బయట ఇంకా ఎండ పెళపెళలాడుతోంది. మా వరసలో నేను, అవని, రఘు. గిరిజ పక్కన ఒక ముసలావిడ కూర్చుంది, ముందు పట్టుకుని నడిచే ఫ్రేమ్‌తో. గిరిజ నాకేమీ చెప్పలేదు. ఎవరో పక్కసీటు వాళ్ళనుకున్నాను.

గిరిజ పేరు పిలిచారు. మైకు ఆమెకి ఎత్తయింది, కిందికి వంచుకుంది. అప్పటికి అమెరికా వచ్చి పద్నాలుగేళ్ళు. పదిమందిలో ఇంగ్లిష్ మాట్లాడాలంటే నన్ను ముందుకి తోసే మనిషి.

"నా పేరు గిరిజ. ఈ ఊళ్ళో నాకు ఇల్లుంది, ఓటు లేదు. పన్ను కడతాను. నా భర్తకి మీరివ్వబోయే డబ్బులో నా పన్ను కూడా ఉంది. ఆ లెక్క మాట్లాడటానికి రాలేదు. ఆ ఆదివారం సాయంత్రం 911కి ఫోన్ చేసినావిడ గురించి మాట్లాడటానికి వచ్చాను."

గిరిజ చేతిలోని కాగితం ఒకసారి చూసుకుంది.

"మీ పోలీసులు మా ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడ వెస్ట్ వైపు తన ఇంట్లో, బాత్రూమ్ తలుపు గడియ వేసుకుని కూర్చుంది. అవతల ఒకడు గడ్డపలుగుతో ఇల్లంతా తిరుగుతున్నాడు. ఇరవై ఆరు నిమిషాలు. ఆవిడకి ఏమైందని రెండేళ్ళలో మీరెవరైనా వెళ్ళి అడిగారా? కోర్టు కాగితాల్లో ఆవిడ అడ్రసు చూసి నేను వెళ్ళాను. తలుపు తీయడానికి పది నిమిషాలు పట్టింది. ఇప్పటికీ ఎవరొచ్చినా భయంతో అంతే పడుతుంది. ఫోన్ చేసినవాళ్ళని ఈస్టా వెస్టా అని ఒక్కసారి తిరిగి అడిగే పద్ధతి ఈ రోజుక్కూడా మీ దగ్గర లేదు. ఎందుకు లేదు? దానికి ఎంత ఖర్చవుతుంది..."

మైకులో బీప్ వచ్చింది. మేయరు టైమయిపోయిందన్నాడు. మైకు ఆగిపోయింది. గిరిజ చేతిలో కాగితం ఇంకా సగం మిగిలుంది.

ఆ పద్ధతి అక్టోబరులో పెట్టారు. ఇప్పుడు అడుగుతున్నారు. కానీ ఆ సాయంత్రం అవేవీ మాకు తెలీదు. గిరిజ మైకు ముందు నిలబడే ఉంది, మేయరు తర్వాతి పేరు చదివాడు. హెలెన్ ఏదో.

మా వరసలోని ముసలావిడ ఫ్రేమ్ పట్టుకుని లేచింది. ఒక్కో అడుగే వేస్తూ మైకు దాకా వెళ్ళింది.

"నేనే ఆ బాత్రూమ్‌లో ఉన్నదాన్ని," అంది. "నా మూడు నిమిషాలు ఈ అమ్మాయికి ఇస్తున్నాను."

"అలా బదిలీ చేయడం రూల్స్‌లో లేదండీ," అన్నాడు మేయరు.

"అయితే నేనిక్కడ నిలబడతాను. ఆవిడ నా తరఫున మాట్లాడుతుంది. మీకు అభ్యంతరమా?"

మేయరు అటూ ఇటూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు. మైకు ఆన్ చేయమన్నాడు.

గిరిజ ఒక చెయ్యి ఆవిడ భుజం కింద ఆసరాగా పెట్టింది. రెండో చేతిలోని కాగితం మడిచి బ్యాగులో పెట్టేసి, మాట్లాడటం మొదలుపెట్టింది.